కూచిపూడి భాగవతం: మేళం నుంచి ఏకపాత్ర నాట్యం దాకా

కూచిపూడి భాగవతం కృష్ణా డెల్టా దిగువ భాగంలో పెరిగిన తెలుగు నృత్యనాటక సంప్రదాయం. గుడివాడ నుంచి పామర్రు మీదుగా చల్లపల్లి, అవనిగడ్డల వైపు సాగే దారిలో, మొవ్వ మండలంలో ఉన్న కూచిపూడి దీని సొంత ఊరు. అవే కథలను, అవే వేషాలను కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఆడుతూ వచ్చాయి. ప్రతి తరమూ తన ముందు కూర్చున్నవాళ్ళ కోసం అందులో ఏదో ఒకటి మార్చుకుంది. ఇవాళ లోకానికి తెలిసిన కూచిపూడిలో వేదిక మీద ఒక్క నర్తకి, పక్కన వాద్యబృందం ఉంటాయి; కచేరీ రెండు గంటల్లో ముగుస్తుంది. ఆ ఊరి భాగవతులు తెల్లవార్లూ ఆడిన ఆటకు ఇది చాలా దూరం జరిగింది. ఆ జరుగుడు ఎప్పుడు, ఎందుకు, ఎవరి చేతుల మీదుగా నడిచిందో తెలిస్తే తప్ప, ఇప్పుడు మనం చూస్తున్నదాన్ని సరిగ్గా చూడలేం.

ఊరు, కుటుంబాలు, మూలపురుషుడు

సంప్రదాయం ప్రకారం ఈ ఆటకు మూలపురుషుడు సిద్ధేంద్రయోగి. ఆయన కృష్ణ దాటుతుండగా వరద ముంచుకొచ్చిందని, ప్రాణం దక్కితే సన్న్యసిస్తానని మొక్కుకున్నాడని, ఒడ్డుకు చేరాక సత్యభామ భావంతో కృష్ణుణ్ణి కొలుస్తూ భామాకలాపం రచించాడని చెబుతారు. కూచిపూడి బ్రాహ్మణ బాలుర చేత, జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కడతామని ఆయన మాట తీసుకున్నాడన్నది ఈ కథలో ముఖ్యమైన భాగం. ఆయన కాలం 17వ శతాబ్దమని ఎక్కువమంది అంటారు. పరిశోధకుల్లో దీనిమీద ఏకాభిప్రాయం లేదు. కృష్ణలీలాతరంగిణి రచించిన నారాయణతీర్థులు ఆయన గురువన్న మాట కూడా సంప్రదాయం చెప్పేదే.

చరిత్రలో కాలు మోపగల చోట్లు తక్కువే గాని, ఉన్నాయి. విజయనగరాన్ని ఏలిన వీరనరసింహరాయల ముందు కొందరు భాగవతులు కేళిక ఆడారని, సిద్ధవటం సీమలో సమ్మెట గురవరాజు ప్రజలను పెడుతున్న బాధలను ఆటలోనే కళ్ళకు కట్టారని మాచుపల్లి కైఫీయతు చెబుతుంది. అది 16వ శతాబ్దం తొలి ఏళ్ళ మాట. వాళ్ళు కూచిపూడివాళ్ళేనని సంప్రదాయం నమ్ముతుంది. ఆ తర్వాత 1672లో గద్దెనెక్కిన గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా బందరు వైపు వచ్చినప్పుడు వీళ్ళ ఆట చూసి మెచ్చి, ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని అంటారు. 1763 నాటి పంపకాల పత్రంతో ఊళ్ళోని భాగవతుల కుటుంబాల హక్కులు కాగితం మీదికి ఎక్కాయి. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి, మహంకాళి, దర్భా, ఏలేశ్వరపు, జోశ్యుల వంటి ఇంటిపేర్లు ఈనాటికీ కూచిపూడి నాట్యంతో కలిసే వినిపిస్తాయి.

ఆట హక్కు ఇంటిపేరుతో, కులంతో, మగపుట్టుకతో ముడిపడింది. ఆ కుటుంబాల ఆడపిల్లలు పాటలు వింటూ, తాళం గుర్తుపడుతూ పెరిగారు. గజ్జె కట్టే హక్కు వాళ్ళకు లేదు. మూలరూపం అని ఇప్పుడు ప్రేమగా తలుచుకునే దానిలో ఈ మినహాయింపు కూడా ఒక భాగమే.

ఒక రాత్రి ఆట

భాగవతం ఆడేది ఆరుబయట. గుడి ముందో, ఊరి నడుమనో పందిరి వేసేవారు. భోజనాలయ్యాక జనం చాపలతో వచ్చి మూడు వైపులా కూర్చునేవారు. ఆముదంతో వెలిగే దివిటీలు పట్టుకుని ఇద్దరు నిలబడేవారు. మద్దెల, తాళాలు, శ్రుతి, ఆ తర్వాతి కాలంలో ఫిడేలు, ఇదే హంగు. మేళానికి పెద్ద సూత్రధారుడు. తాళం వేసేదీ, పాట ఎత్తుకునేదీ, పాత్రలతో మాట్లాడేదీ, జనం కునుకు తీస్తే లేపేదీ ఆయనే.

పాత్ర ప్రవేశం ఈ ఆటకు ప్రాణం. ఇద్దరు మనుషులు ఒక తెర పట్టుకుంటారు. తెర వెనక సత్యభామ నిలబడి, తన పొడుగాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. జడ మీద పాము, చంద్రవంక, సూర్యుడు, నక్షత్రాల ఆకారాలు నగలుగా ఉంటాయి. ఆ జడ సభకు విసిరిన సవాలు: విద్యలో నన్ను గెలిచేవాళ్ళు ఈ సభలో ఉంటే రండి, ఓడితే జడ కోసి ఇస్తాను అని. దివిటీ మంట మీద గుగ్గిలం పొడి చల్లుతారు. మంట భగ్గుమని లేచిన వెలుతురులో తెర తొలుగుతుంది, ప్రవేశ దరువు మొదలవుతుంది. తన పుట్టుక, తన అందం, తన మగని మీద తన పట్టు అన్నీ సత్యభామ తానే పాడి, తానే ఆడి చెప్పుకుంటుంది. ముఖానికి పూసిన హరిదళం పసుపు, తేలిక కర్రతో చేసి రంగుకాగితం అంటించిన నగలు ఆ మంట వెలుతురుకే కుదిరినవి. విద్యుద్దీపాల కింద అవి వెలవెలపోతాయి.

ఇక అక్కణ్ణుంచి గంటల తరబడి నడిచేది మాట. కృష్ణుడితో అందం విషయంలో పంతానికి పోయి, ఆయన అలిగి వెళ్ళిపోతే, సత్యభామ చెలికత్తె మాధవిని రాయబారం పంపాలి. మాధవి వేషం కట్టేది సూత్రధారుడే. సత్య దగ్గర ఉన్నంతసేపూ మాధవి ఆడమనిషి, కృష్ణుడి దగ్గరికి వెళ్ళేసరికి అదే మనిషి మాధవుడు. ఇందుకు వేషం మార్చుకోవడం లేదు; గొంతు, నడక, చూపు మారితే చాలు. నీ మొగుడి పేరేమిటో చెప్పమ్మా, ఎవరిని పిలుచుకు రావాలి అని మాధవి అడుగుతుంది. అంత గర్వంగా దరువు పాడిన సత్యకు మగని పేరు పలకడానికి నోరు రాదు. పేరు చెప్పకుండా గుర్తులు చెబుతుంది. మాధవికి కావాలనే అర్థం కాదు. కబురు మోసినందుకు నగ ఇమ్మంటుంది, ఇచ్చింది చాలదంటుంది. ఈ సంవాదంలో సగం మాటలు రాసుకున్నవి, సగం అప్పటికప్పుడు పుట్టేవి. ఆ ఊరి మునసబు పేరూ, ఆ ఏటి పంట ధరా, పక్క ఊరి పెళ్ళి తగాదా మాధవి నోట పడి మళ్ళీ ద్వారకకు చేరేవి. దీని తర్వాత విరహం, దశలవారీగా మన్మథతాపం, కృష్ణుడికి రాసిన లేఖ. లేఖ చదివే చోట కరగని సభ ఉండదు.

భామాకలాపం ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. ఊరికి తీరికా, కట్నానికి సత్తువా ఉంటే సాగదీసి ఆడేవారు. అలా సాగదీయగలగడమే నటుడి విద్యకు కొలత.

మార్పు కొత్తది కాదు

ఈ ఆట వందల ఏళ్ళు ఒకే తీరున ఉండి 20వ శతాబ్దంలో హఠాత్తుగా మారిందనుకుంటే పొరపాటు. రెండు మూడు పాత్రల సంవాదంగా సాగే కలాపం పక్కనే పగటివేషాలు ఉన్నాయి. 19వ శతాబ్దంలో భాగవతుల రామయ్య పేరిట ప్రచారంలోకి వచ్చిన గొల్లకలాపం వేదాంత చర్చను గొల్లభామకూ బ్రాహ్మణుడికీ మధ్య వాదంగా మార్చింది. ఆ తర్వాత ఎక్కువ పాత్రలున్న యక్షగానాలు ముందుకొచ్చాయి: ఉషాపరిణయం, ప్రహ్లాద, మోహినీరుక్మాంగద, శశిరేఖాపరిణయం, హరిశ్చంద్ర.

ఈ విస్తరణ వెనక నీళ్ళున్నాయి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక, దివి, బందరు, గుడివాడ తాలూకాల మెట్టచేలు, తంపరలు వరిమళ్ళయ్యాయి. కోతలయ్యాక రైతు చేతిలో ధాన్యమూ, నాలుగు నెలల తీరికా మిగిలాయి. మేళాలు ఊరూరా తిరిగేది ఆ నెలల్లోనే. చల్లపల్లి జమీందారుల వంటివారి ఆదరణ ఉన్నా, మేళాన్ని పోషించింది ఎక్కువగా పల్లెలే.

డబ్బున్న చోటికి పోటీ కూడా వచ్చింది. 1880ల తర్వాత పార్సీ, ధార్వాడ నాటకాల ప్రభావంతో తెరలు, రంగస్థలం, హార్మోనియం ఉన్న పద్యనాటకం కోస్తా పట్నాలను పట్టుకుంది. జనం రుచి మారింది. చింతా వెంకటరామయ్య ఈ దెబ్బను ఎదుర్కొన్న తీరు గమనించదగ్గది. ఆయన వేంకటరామ నాట్యమండలి పేరుతో మేళాన్ని పునర్నిర్మించి, యక్షగానాలను వేదికకు అనువుగా కుదించి, పాత్రలను పంచి, క్రమశిక్షణ తెచ్చారు. రాత్రంతా ఒకే సూత్రధారుడి భుజాల మీద నడిచే కలాపం స్థానంలో నటబృందం ఆడే నాటకం ముందుకొచ్చింది. ఈ మార్పును కూచిపూడి తన లోపలి నుంచే, తన కుటుంబాల చేతనే చేసుకుంది. అందుకేనేమో దాన్ని ఎవరూ దారితప్పడం అనలేదు. ఇవాళ సంప్రదాయ యక్షగానం అని గౌరవంగా చూపించేది చాలావరకు ఈ వెంకటరామయ్య తరం చేసిన కొత్త రూపమే.

లక్ష్మీనారాయణశాస్త్రి తెరిచిన తలుపు

20వ శతాబ్దం మొదటి సగంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి చేసిన పని అన్నిటికన్నా పెద్ద మలుపు. ఆయన రెండు కట్లు తెంచారు. మేళంతో పని లేకుండా ఒక్కరే ఆడే అంశాలను కూర్చారు. ఊరి బయటివాళ్ళకు, అందులోనూ ఆడవాళ్ళకు నేర్పారు. కలాపంలోంచి ఒక దరువు, యక్షగానంలోంచి ఒక ప్రవేశం, దశావతార శబ్దం, క్షేత్రయ్య పదం, తరంగం: ఇలా విడదీసి వరసగా పేర్చితే ఒక కచేరీ అయింది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, తల మీద నీటి చెంబుతో లయ నడిపే తరంగం ఆ కచేరీకి గుర్తుగా మిగిలిపోయింది. కూచిపూడి అనగానే ఇవాళ చాలామందికి మొదట గుర్తొచ్చేది సత్యభామ జడ కాదు, ఆ పళ్ళెమే.

ఇక్కడ ఒక అప్పు ఉంది. దాన్ని ఒప్పుకోకుండా ఈ చరిత్ర రాయకూడదు. పదాభినయం, జావళి, ఆడమనిషి ఒక్కతే కూర్చుని కళ్ళతో, చేతులతో భావం విప్పే విద్య కోస్తాలో దేవదాసీ సంప్రదాయానికి చెందిన కలావంతుల సొత్తు. గుళ్ళలో, మేజువాణీల్లో ఆడి పాడి దాన్ని నిలబెట్టింది వాళ్ళు. భామాకలాపం, గొల్లకలాపం కూడా కలావంతులు ఆడారు. ముమ్మిడివరం వంటి గోదావరి ఊళ్ళలో ఆ ఆటకు మంచి పేరుంది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ అంకితాన్ని నిషేధించే చట్టం చేసింది. అంతకు ముందు నుంచే నడిచిన ఉద్యమం వల్ల గజ్జె కట్టడమే వాళ్ళకు అవమానంగా మారిపోయింది. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మధ్యతరగతి ఇళ్ళ ఆడపిల్లలు కూచిపూడి మాస్టర్ల దగ్గర చేరారు. విద్య తెలిసిన ఆడవాళ్ళు వేదిక దిగుతుంటే, తెలియని ఆడపిల్లలు ఎక్కారు. ఈ న్యాయాన్యాయాల గురించి దవేశ్ సోనేజీ వంటి పరిశోధకులు వివరంగా రాశారు. నటరాజ రామకృష్ణ కలావంతుల విద్యను ఆంధ్రనాట్యం పేరుతో మళ్ళీ వేదికెక్కించడానికి జీవితం ఖర్చు పెట్టారు.

మద్రాసు

1930ల్లో టాకీలు వచ్చాయి. 1932లో తెర మీదికొచ్చిన తొలి తెలుగు టాకీ కథ ప్రహ్లాదుడిదే, అంటే భాగవతులు ఊరూరా ఆడుతున్నదే. గుడివాడలో, బందరులో సినిమా హాళ్ళు వెలిసేకొద్దీ కోతల తర్వాతి రాత్రులు మేళాల చేతుల్లోంచి జారిపోయాయి. 1948లో జమీందారీల రద్దు చట్టంతో పెద్ద కట్నాలూ పోయాయి. కూచిపూడి కుర్రాళ్ళు మద్రాసు రైలెక్కారు.

వేదాంతం రాఘవయ్య సినిమా దర్శకుడయ్యారు. 1953లో వచ్చిన దేవదాసు ఆయనదే. వెంపటి పెదసత్యం, పసుమర్తి కృష్ణమూర్తి సినిమాలకు నృత్యాలు కూర్చారు. మల్లీశ్వరి, మాయాబజార్ నృత్యాల వెనక ఉన్నది పసుమర్తి చేయి. మాయాబజార్ కథ శశిరేఖాపరిణయమే కాబట్టి, కూచిపూడి తన కథను తానే మరో పనిముట్టుతో మళ్ళీ చెప్పినట్టయింది.

పెదసత్యం వెంట ఉండి పని నేర్చిన వెంపటి చినసత్యం (1929–2012) సినిమాలో స్థిరపడకుండా నాట్యం వైపు తిరిగారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. నేటి కూచిపూడి శరీరం చాలావరకు ఆయన తీర్చిందే. అడుగులను వరసపెట్టి పాఠంగా చేశారు. చేతుల విసురును కొలతలోకి తెచ్చారు, అరమండి స్పష్టం చేశారు, ముఖంలో అతిని తగ్గించారు. శ్రీకృష్ణపారిజాతం, క్షీరసాగరమథనం, చండాలిక, పద్మావతీ శ్రీనివాస కల్యాణం, హరవిలాసం వంటి నృత్యనాటకాలు కూర్చారు. భుజంగరాయశర్మ సాహిత్యం, పట్రాయని సంగీతరావు సంగీతం వాటికి పెట్టని కోటలు. ఆడవేషాలు ఆడవాళ్ళకే ఇచ్చారు. కొన్నిసార్లు మగవేషాలు కూడా. శోభానాయుడు, మంజుభార్గవి వంటి శిష్యులు ఆ బాణీని దేశమంతా తిప్పారు. 1998లో చినసత్యానికి పద్మభూషణ్ వచ్చింది.

ఆ ప్రదర్శనల అందాన్ని కాదనలేం. గంట నలభై నిమిషాల్లో ఒక పురాణకథను ఎక్కడా బిగి సడలకుండా, వేదిక నాలుగు మూలలనూ వాడుకుంటూ చెప్పడం అంతకు ముందు కూచిపూడికి తెలియని విద్య.

శాస్త్రీయమనిపించుకోవడం

1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. తమిళులకు భరతనాట్యం, మలయాళీలకు కథకళి, ఒరియావాళ్ళకు ఒడిస్సీ ఉన్నట్టే తమకూ ఒక నాట్యం ఉందని ఢిల్లీలో చెప్పుకోవలసిన అవసరం తెలుగువాళ్ళకు వచ్చింది. 1958లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో జరిపిన నృత్య సదస్సులో విస్సా అప్పారావు కూచిపూడి గురించి పత్రం చదివారు. దాన్ని వేరే శాస్త్రీయ నృత్యంగా ఒప్పుకోవడానికి అక్కడ అభ్యంతరాలు వచ్చాయి. మరుసటి ఏడే, 1959లో, ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ హైదరాబాదులో ప్రత్యేకంగా కూచిపూడి సదస్సు పెట్టి జవాబు చెప్పింది. బందా కనకలింగేశ్వరరావు ఈ పోరాటానికి ముందు నిలిచారు. స్వయంగా రంగస్థల నటుడైన ఆయన కూచిపూడిలోనే సిద్ధేంద్ర కళాక్షేత్రం నెలకొనడానికి కారకులు. తర్వాత అది తెలుగు విశ్వవిద్యాలయం ఆధీనంలోకి వచ్చి సిద్ధేంద్రయోగి కళాపీఠమైంది.

గెలిచారు. కూచిపూడి దేశంలోని శాస్త్రీయ నృత్యాల వరసలో చేరింది. ఇంద్రాణీ రెహమాన్, యామినీ కృష్ణమూర్తి, ఆ తర్వాత రాజా, రాధా రెడ్డి దంపతులు విదేశాల్లో ఆడి పేరు తెచ్చారు. అయితే ఆ గెలుపు కోసం ఏది చూపించాలో, ఏది వెనక పెట్టాలో కూడా అప్పుడే తేలిపోయింది. నాట్యశాస్త్రం, అభినయదర్పణం, హస్తాలు, చారులు, ఏకపాత్ర కచేరీ ముందుకొచ్చాయి. ఊరి కబుర్లతో సాగే మాధవి హాస్యం, పగటివేషం, జనంతో వాదన వెనక్కి వెళ్ళాయి. అవి ఢిల్లీ వేదిక మీద తర్జుమా కావు. పైగా ఇది నాటకమేగాని నృత్యం కాదనేవాళ్ళకు ఆయుధాలవుతాయి.

పోయింది ఏమిటి

అడుగులు మారాయని, ఆహార్యం మారిందని, ఆడవాళ్ళు వచ్చారని కూచిపూడి మూలం తప్పిందనే వాదన తరచు వినిపిస్తుంది. ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు నష్టం ఇవేవీ కాదు. పోయింది వాచికం.

భాగవతుడు ఆడుతూ పాడేవాడు, ఆడుతూ మాట్లాడేవాడు. దరువుకూ దరువుకూ మధ్య చూర్ణిక, కందార్థం, వచనం ఆయన గొంతులోంచే వచ్చేవి. ఊపిరి ఎక్కడ నిలపాలో, ఏ మాట దగ్గర అడుగు ఆపాలో ఆ శిక్షణలోనే ఉండేది. పెద్ద హాలు, మైకు వచ్చాక గొంతు నట్టువనార్ పక్కకు చేరింది. సినిమాలో అప్పటికే ఒకరు పాడితే మరొకరు పెదవి కదిపే పద్ధతి స్థిరపడింది. మద్రాసులో ఆ రెండు ప్రపంచాలూ ఒకే మనుషుల చేతుల్లో ఉన్నాయి కాబట్టి, నాట్యంలోనూ అదే సహజమనిపించింది. ఇప్పుడు ఎన్నో వేదికల మీద పాడే మనిషి కూడా ఉండడు, రికార్డు చేసిన పాట ఉంటుంది. నర్తకి పెదవులు కదుపుతుంది. రికార్డు చేసిన పాటలో ముక్తాయింపు ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు. సభ నవ్వితే ఆగడానికి, మరోసారి చెప్పడానికి చోటు లేదు.

భాష పోయాక హాస్యం పోయింది. హాస్యం పోయాక మాధవి చిన్నదైంది. మాధవి చిన్నదయ్యాక సత్యభామ గర్వాన్ని గిల్లేవాళ్ళు లేకుండా పోయారు. ఇప్పటి కచేరీల్లో ప్రవేశ దరువు ఒక్కటే పది నిమిషాలు ఆడి దిగుతారు. అందులో గర్వం ఉంది. ఆ గర్వం విరిగే రాత్రి లేదు. కథలో సగం చెప్పి ఆపేసినట్టే. తెలుగు చదవడం రాని పిల్లలు కూడా చక్కగా నేర్చుకోగల నాట్యం కావడం వల్లే అది ఇంత దూరం వెళ్ళిందన్నది నిజం. ఆ ప్రయాణానికి చెల్లించింది మాత్రం తెలుగు మాటే.

స్త్రీవేషం

మగవాడు ఆడవేషం కట్టడం మరో చిక్కు ప్రశ్న. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) ఈ విద్యకు శిఖరం. చింతా కృష్ణమూర్తి నడిపిన మేళంలో ఉషగా, సత్యభామగా ఆయన వేదికెక్కితే, తెలియనివాళ్ళు ఆడమనిషేననుకునేవారు. 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ వచ్చాయి. ఈ సీమలో ఇది కూచిపూడికే పరిమితమైన విద్య కూడా కాదు. గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు సినిమాలకు ముందు నాటకాల్లో ఆడవేషాలతోనే పేరు తెచ్చుకున్నారు.

జపానులో కబుకీ దీనికి ఎదురు దిశలో నడిచింది. 1603 ప్రాంతంలో ఒకుని అనే స్త్రీ మొదలుపెట్టిన ఆటలో 1629లో ఆడవాళ్ళను నిషేధించారు. ఆ తర్వాత ఆడవేషం మగవాళ్ళ విద్యగా స్థిరపడి నేటికీ అలాగే ఉంది. కూచిపూడిలో మగవాళ్ళ ఆట ఆడవాళ్ళ నాట్యమైంది. రెండుచోట్లా తొలిరూపం నిలబడలేదు. రెండుచోట్లా ఇప్పటి రూపమే అనాది అని నమ్మే ప్రేక్షకులున్నారు.

సత్యనారాయణశర్మ తర్వాత కూచిపూడి ఊళ్ళో స్త్రీవేషం కట్టేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. ఆ వేషం కట్టడం ఒకప్పుడు కుటుంబానికి గౌరవం. ఇప్పటి కుర్రవాడికి బడిలో ఎగతాళి. హర్షిత కామత్ 2019లో ప్రచురించిన ఇంపర్సొనేషన్స్ అన్న ఆంగ్లగ్రంథం కూచిపూడి బ్రాహ్మణ పురుషులకు ఈ వేషంతో ఉన్న అనుబంధాన్ని, అది కదిలిపోతున్న తీరును పరిశీలించింది. 1983లో జంధ్యాల తీసిన ఆనందభైరవి సినిమా, కూచిపూడి గురువు ఒక ఆడపిల్లకు నాట్యం నేర్పడం చుట్టూ తిరుగుతుంది. ఊళ్ళో నడిచిన ఘర్షణ వెండితెర మీదికి ఎక్కేనాటికే, మద్రాసులో ఆ ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది.

కదలని కొమ్మలు

అదే చెట్టు కొమ్మలు మరికొన్ని వేరేచోట వేరేలా పెరిగాయి. తంజావూరు జిల్లా మెలట్టూరులో నాయకరాజు అచ్యుతప్ప కాలంలో స్థిరపడ్డ తెలుగు బ్రాహ్మణ కుటుంబాలు భాగవతమేళం ఆడుతూ వచ్చాయి. మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలను ఇప్పటికీ ఏటా నృసింహజయంతి రోజుల్లో వరదరాజపెరుమాళ్ గుడి ముందు మగవాళ్ళే ఆడతారు. చుట్టూ తమిళం, ఆట తెలుగులో. అక్కడ నటుడు ఇంకా నోరు తెరిచి మాట్లాడతాడు. ఆటకు టికెట్టు లేదు, అది మొక్కుబడి. ఊరి దేవుడి పండగతో ముడిపడి ఉండటం వల్లే ఆ ఆట పెద్దగా మారలేదు. అందుకే దాన్ని ఆడేవాళ్ళు కూడా ఒక్క ఊరివాళ్ళుగానే మిగిలారు. కూచిపూడి భాగవతులు మొదటి నుంచీ కాళ్ళకు చక్రాలు కట్టుకున్నవాళ్ళు. తిరిగేవాడు చూసేవాడిని బట్టి మారక తప్పదు.

ఉత్తరాంధ్రలో తూర్పుభాగవతం ఉంది. బ్రాహ్మణేతర కులాలవాళ్ళు ఆడే ఆ భామాకలాపంలో మద్దెల జోరు, సత్యభామకూ మాధవికీ వాదన ఇంకా బతికే ఉన్నాయి. దానికి శాస్త్రీయమన్న ముద్ర దొరకలేదు, పురస్కారాలూ పెద్దగా రాలేదు. మాట మాత్రం మిగిలింది.

ఇప్పటి స్థితి

కూచిపూడి నేర్చుకుంటున్నవాళ్ళు ఇవాళ కాలిఫోర్నియాలో, టెక్సస్‌లో, సింగపూరులో, మాస్కోలో ఉన్నారు. ప్రవాసాంధ్ర సంస్థ సిలికానాంధ్ర 2008 నుంచి అంతర్జాతీయ కూచిపూడి సమ్మేళనాలు నడుపుతోంది. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా కలిసి ఒకే అంశం ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. అదే సంస్థ కూచిపూడిలో సంజీవని ఆసుపత్రి కట్టింది. వేలమంది ఒకే క్షణంలో ఒకే అడుగు వేయాలంటే ఆ అడుగు ఎక్కడా ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా స్థిరపడి ఉండాలి. ఒకే దరువును వేదాంతం వారింట ఒక తీరుగా, చింతా వారింట మరో తీరుగా ఆడిన రోజులకు ఇది అవతలి ఒడ్డు.

ఊళ్ళో సిద్ధేంద్రయోగి కళాపీఠం పాఠాలు చెబుతోంది. యక్షగానాలు ఏడాదిలో కొన్ని సందర్భాల్లో ఆడతారు, ఎక్కువగా కుదించిన రూపంలో. బయట కచేరీలు, తరగతులు ఇచ్చే రాబడి ఊళ్ళో ఆటకు రాదు; ఇరవైమంది మేళాన్ని పోషించే పల్లె ఇప్పుడు లేదు. మేళం నిలవాలంటే ముందు వాచికం పాఠంలోకి రావాలి. అడుగుతో పాటు కందార్థం చదవడం, మాధవి మాటకు అప్పటికప్పుడు మాట కలపడం, శ్రుతిలో గొంతు నిలిపి ఆడటం నేర్పడానికి ఆడపిల్లా, మగపిల్లవాడా అన్న తేడా అడ్డు రాదు. ఈనాటి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. సత్యభామ వేషం వాళ్ళ చేతికి వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. సూత్రధారుడి తాళం ఇంకా రావలసి ఉంది.